అంజనాద్రికి మణి ఉంది, తుమ్మలపల్లెకి?

‘హను-మాన్’ (2024) బాగా తీసిన సినిమా. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, లేకపోతే “మన సూపర్‌హీరో మీద నీకెందుకు కడుపుమంట?” అంటారు. పెద్ద స్టార్ లేకుండా ప్రశాంత్ వర్మ అంజనాద్రి అనే లేని ఊరిని నమ్మించాడు. తేజ సజ్జా హనుమంతు మొదట్లో చిల్లర దొంగ, అందుకే మనవాడనిపిస్తాడు. సూపర్‌హీరో కావాలంటే అనాథ కావాలనుకుని కన్నవాళ్లనే చంపుకున్న మైకేల్ అయితే హాలీవుడ్ ఫార్ములాకి పెట్టిన మంచి చురక.

నా పేచీ వేరే. సినిమాలో నిజమైన ధైర్యం మీనాక్షిది. పాలెగాడు గజపతిని ఏ శక్తీ లేకుండా నిలదీస్తుంది. ఆ ప్రశ్నని ఊరు అందుకుంటుందా లేదా అన్నదే అసలు కథ. అంతలో హనుమంతుకి మణి దొరుకుతుంది. ఇక ఊరికి పనిలేదు, చూసి చప్పట్లు కొట్టడమే. ఒక బలవంతుడి చేతిలోంచి ఇంకో బలవంతుడి చేతిలోకి పోయింది ఊరు. రెండోవాడు మంచివాడు, అంతే తేడా.

“సూపర్‌హీరో సినిమాలో ఇవన్నీ వెతుకుతారా?” అనొచ్చు. పాలెగాడు అన్నాక వెతకాల్సిందే. అది మా సీమ మాట. 1800లో దత్తమండలాలకి కలెక్టరుగా వచ్చిన మన్రో పాలెగాళ్లని అణిచాడు. “పెద్దాయన చూసుకుంటాడులే” అనే అలవాటు మాత్రం పోలేదు.

కడప జిల్లా తుమ్మలపల్లెలో మణి భూమిలోనే ఉంది. దాని పేరు యురేనియం. ప్రాజెక్టుకి 2007లో శంకుస్థాపన జరిగింది. ఖనిజం శుద్ధి చేశాక మిగిలిన వ్యర్థాలని పోసే టైలింగ్ పాండ్ వల్ల బోర్లలో నీళ్లు చెడిపోయి అరటితోటలు దెబ్బతింటున్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా అంటున్నారు. యూసీఐఎల్ కాదంటోంది. అక్కడ ఎవరికీ గాల్లో ఎగరడం రాదు. అర్జీ రాయాలి, బోరు నీళ్లు పరీక్ష చేయించాలి, మళ్లీ పోయి అడగాలి. అది మీనాక్షి దారి. సినిమా సగంలో వదిలేసిన దారి.

దాన్ని పట్టుకునే వీలు ఈ కథలోనే ఉంది. మణి ఎండలోనే పనిచేస్తుంది, పొద్దుగూకితే హనుమంతు మామూలు మనిషే. ఆ రాత్రి ఊరు లేచి నిలబడి ఉంటే ఇది నిజంగా మన సూపర్‌హీరో సినిమా అయ్యేది. కానీ చివర్లో మంచు చీల్చుకుని సాక్షాత్తూ హనుమంతుడే లేస్తాడు. హాలంతా దండం పెట్టింది. నేనూ పెట్టాను. బయటికొచ్చాక గుర్తొచ్చింది, మీనాక్షి అడిగిన ప్రశ్నకి ఊరింకా జవాబు చెప్పలేదని.