గిడ్డంగి చావులు విధివ్రాతలు కావు!

కార్మిక సోదరులారా!

2024 అక్టోబరులో పుదుచ్చేరి పట్టణమున చౌకధరల దుకాణములు తిరిగి తెరువబడినవి. ఏండ్ల తరబడి నగదు పంచిన ప్రభుత్వము మరల బియ్యము పంచసాగినది. ఆ బియ్యమును వీపున మోయు హమాలీ క్షేమమును గూర్చి పలికినవారెవరు?

2023 డిసెంబరులో కర్ణాటకలోని విజయపురలో నిల్వచేసిన మొక్కజొన్న కూలి మీదపడి 7గురు బీహారు కూలీలు మరణించిరి. విధివశమనుట యజమానులకు అలవాటు. బస్తాల నెట్టు తనంత తాను కూలదు. వరుసలను ఒకదానికొకటి అడ్డముగా కలిపి పేర్చక, పైనుండి మెట్లుగా దింపక, తొందరకొలది అడుగు బస్తాలు లాగించినచో కూలును. పురుగును చంపు బిళ్ళ గాలిలోని తేమ తగిలి ఫాస్ఫీన్ విషవాయువును విడుచును. తలుపులు తెరచి గాలి పారించక, వాయువును కొలువక మనిషిని లోనికి పంపుట నేరము!

55 కిలోలకు మించిన బరువు ఒక్కనిపై మోపరాదని 1967లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసినది. మా బస్తా 50 కిలోలే యందురు యజమానులు. దినమునకు ఎన్ని బస్తాలో చెప్పరు!

వ్యాగను దించువాడు “కాంట్రాక్టరు మనిషి” యని రైల్వే సోదరుడు తప్పుకొనవచ్చునా? అతడు పంపు డబ్బుకై ఎదురుచూచు ఇల్లు తపాలా సోదరుడు ఎరుగనిదా?

ఈ పట్టణముననే 1936 జూలై 30న 12 మంది మిల్లు కార్మికులు ఫ్రెంచి పాలకుల కాల్పులకు బలియైరి. ఎనిమిది గంటల పనిదినము వారి నెత్తుటి ఫలము. వారి వారసులమైన మన కోర్కెలివి: నెట్టు ఎత్తునకు హద్దు, వాయువు కొలిచిన పిదపనే ప్రవేశము, ప్రతి హమాలీకి హాజరుపట్టీలో పేరు, పరిహారమునకు అసలు యజమానియే బాధ్యుడు.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!