కొండ సగం ఏమయింది?

మొన్న ఆదివారం మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని బెజవాడ నుంచి ప్రకాశం బారేజీ దాటి సీతానగరం వెళ్ళాను. ఏటి ఒడ్డున కొండను చూసి వాడు ఆగిపోయాడు.

"మామయ్యా, దీన్ని ఎవరో కోసినట్టున్నదే! తక్కిన సగం ఏమయింది?"

"ఏట్లో ఉన్నది," అన్నాను. వాడు నమ్మలేదు.

దివిసీమలో పొలం తవ్వి చూడండి. మట్టీ ఇసుకే తప్ప రాయి తగలదు. డెల్టా అంతా కృష్ణమ్మ తెచ్చి పరచిన ఒండ్రు. అయితే డెల్టా మొదట్లో ఏటికి ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ ద్వారబంధంలాగా నిలిచి ఉన్నవి.

1832-33లో నందన కరువు వచ్చింది. పక్కనే ఏరు పారుతున్నా ఆ నీరు పొలాల కెక్కలేదు. గుంటూరు సీమలో లక్షల మంది చనిపోయారు. ఆ తరవాత 1852లో ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసింది. ఆనకట్ట అనగానే అందరూ కాటన్ దొరనే తలుస్తారు. కాని దీన్ని దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ ఆర్. రాళ్ళు కొట్టినవారి పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

రాయి కోసం ఈ రెండు కొండలనూ తొలిచారు. అప్పటికి డైనమైటు లేదు. నోబెల్ దానికి పేటెంటు పొందినది 1867లో! ఉలిని సమ్మెటతో కొట్టి రాతిలో బెజ్జం తొలిచేవారు. అందులో తుపాకిమందు కూరి, వత్తి అంటించి, దూరంగా పరుగెత్తేవారు.

"రాళ్ళు ఇసుకలోకి దిగిపోవూ?" అన్నాడు వాడు. మంచి ప్రశ్నే! వరదలకు కొన్ని దిగిపోయేవి. మళ్ళీ కొండ నుంచి తెచ్చి పోసేవారు. అలా దిగి దిగి, అడుగున గట్టిపడేవి. ఇసుక మీద రాతికట్ట నిలపవచ్చునని కాటన్‌కు నేర్పినది కావేరి మీది చోళుల కల్లణై.

సుమారు 1,130 మీటర్ల ఆ కట్టకు 1952లో గండి పడింది. దాని పక్కనే, కాస్త ఎగువన, బారేజీ కట్టారు. అది 1957లో పూర్తయింది.

కొండ అంచుకు వాణ్ణి పోనివ్వలేదు. రాళ్ళు జారతాయి. కింద దొరికిన ముక్క ఒకటి తీసి చూపాను. ఎర్రని చుక్కలున్నవి. అవి గార్నెట్లు. రాయి పేరు ఖోండలైటు. తూర్పు కనుమల్లో నివసించే కోండుల పేరే దానికి పెట్టారు.

వాడు దాన్ని జేబులో వేసుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బారేజీ మీద ఆగి, దిగువ నీళ్ళలోకి చాలాసేపు తొంగిచూశాడు.