పరీక్ష లేనంత మాత్రాన ప్రమాదం లేనట్టా?

కొన్ని రసాయనాలు మొదట తగిలినప్పుడు ఏ హానీ కనిపించనీయకుండా శరీర రోగనిరోధక వ్యవస్థను మాత్రం తమపై ఉసిగొల్పి ఉంచుతాయి. వారాలకో ఏళ్లకో మళ్లీ తగిలినప్పుడు ఆ ప్రభావం దద్దుర్లుగానో ఆయాసంగానో బయటపడుతుంది. ఈ గుణాన్నే సెన్సిటైజేషన్ అంటారు. సిమెంటులోని క్రోమియం, చౌక నగల్లోని నికెల్, పొలం గట్ల మీది వయ్యారిభామ మొక్కలోని పార్థెనిన్, తలకు వేసే నల్లరంగుల్లోని పారా ఫినిలీన్ డయమిన్ ఈ కోవలోవే. ఏళ్ల తరబడి అదే రంగు వాడిన మనిషికి ఒకనాడు ఉన్నట్టుండి మాడు, కనురెప్పలు వాచిపోవడానికి కారణం ఇదే.

ఇలాంటి చిన్న అణువులను రోగనిరోధక వ్యవస్థ విడిగా పట్టించుకోదు. అవి చర్మంలోని ప్రొటీన్లకు అతుక్కున్నప్పుడే పరాయివిగా కనిపిస్తాయి. ఆ అతుకు, పైపొర కణాల కలవరం, కాపలా కణాల మేల్కొలుపు, టీ కణాల వృద్ధి అనే నాలుగు దశలను ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2012లో వరుసగా నమోదు చేశాక పరీక్షల తీరే మారింది. అంతకు ముందు గినీ పందుల మీద, ఆ తర్వాత ఎలుకల చెవుల మీద రసాయనాన్ని పూసేవారు. ఎలుకల పరీక్షలో దగ్గరి లింఫు గ్రంథుల్లో కణాల వృద్ధి మూడు రెట్లు పెరిగితే దాన్ని సెన్సిటైజర్‌గా లెక్కించేవారు. ఆ పెరుగుదలకు 2 శాతం లేదా అంతకన్నా తక్కువ గాఢత సరిపోతే అది తీవ్రమైనదని అర్థం. ఇప్పుడు మొదటి మూడు దశలకు గాజు పాత్రల్లో చేసే పరీక్షలు వచ్చాయి. మూడింటిలో రెండు ఏ ఫలితాన్ని చెబితే దాన్నే ఖాయం చేసే పద్ధతికి 2021లో ఓఈసీడీ 497వ మార్గదర్శకం ఆమోద ముద్ర వేసింది. సౌందర్య సాధనాలకు జంతు పరీక్షలను 2014లోనే నిషేధించిన భారతదేశానికి ఇది అక్కరకొచ్చే మార్పే. అయితే శరీరంలో మారాకో గాలి తగిలాకో హానికరంగా తయారయ్యే పదార్థాలు గాజు పాత్రలో తప్పించుకునే వీలుంది. నిమ్మ, నారింజ తొక్కల్లోని లిమోనీన్ శుద్ధంగా ఉన్నప్పుడు దాదాపు నిరపాయకరమే గాని, గాలికి ఆక్సీకరణ చెందితే ఎలర్జీ తెస్తుంది. ఫలితం చూసేవారు ఆ నమూనా తాజాదా, నిల్వదా అని అడగక తప్పదు.

ఊపిరితిత్తుల విషయానికొస్తే ఈ ఏర్పాటేదీ లేదు. ఒక రసాయనం ఉబ్బసం తెస్తుందో లేదో ముందుగా తేల్చే, అంతర్జాతీయంగా ఆమోదం పొందిన పరీక్ష నేటికీ లేదు. శ్వాసకు ఎలర్జీ తెచ్చే రసాయనాలు సాధారణంగా చర్మ పరీక్షల్లోనూ పట్టుబడతాయి కాబట్టి అక్కడ నిర్దోషిగా తేలితే కొంత ఊరట చెందవచ్చు. పట్టుబడినవాటిలో ఏది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందో మాత్రం అవి చెప్పలేవు. అందుకే నిర్ధారణ చాలావరకు జబ్బుపడిన కార్మికుల నుంచే వస్తోంది. ఈ శాస్త్రంలో అన్నిటికన్నా ఇబ్బందికరమైన నిజం ఇదే.

కార్లకు రంగు వేసే షెడ్డులో పెయింటులో కలిపే హార్డెనర్ సంగతే చూస్తే, అందులోని ఐసోసయనేట్లు ప్రొటీన్లతో ఇట్టే కలిసిపోతాయి, స్ప్రే గన్ నుంచి సన్నని తుంపరగా లేస్తాయి. ముక్కుకు కట్టుకున్న రుమాలు వాటిని ఆపలేదు. ఒకసారి సెన్సిటైజేషన్ జరిగాక అతి తక్కువ మోతాదుకే పిల్లికూతలు మొదలవుతాయి. ఐరోపా సమాఖ్యలో 2023 ఆగస్టు 24 నుంచి, డైఐసోసయనేట్లు 0.1 శాతానికి మించిన సరుకును వృత్తిరీత్యా వాడేవారికి శిక్షణ తప్పనిసరి. అక్కడ కొత్త పరీక్ష దొరికేదాకా ఆగలేదు. అణువు నిర్మాణం, జబ్బుపడినవారి చరిత్ర చాలునన్నారు. అదే సరైన తర్కం.

తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలు కనీసం హార్డెనర్ డబ్బాల మీద తెలుగులో హెచ్చరికను, గాలి అందించే మాస్కును, పనిలో చేరేటప్పుడు, ఆ తర్వాత ఏటా శ్వాస పరీక్షను తప్పనిసరి చేయాలి. సెలవు రోజున తగ్గి, పనిలోకి వెళ్లిన రోజున పెరిగే ఆయాసంతో వచ్చిన రోగిని వైద్యులు ముందుగా అడగాల్సింది చేసే పని గురించే.