జాతుల నడుమ నీతి

వ్యక్తుల నడుమ నీతి యుండవచ్చును గాని రాజ్యముల నడుమ బలమే ప్రమాణమని రాజనీతి శాస్త్రజ్ఞులలో నొక తెగవారు వాదింతురు. నానాజాతి సమితి పతనమును వారు దృష్టాంతముగా చూపుదురు. నీతిని నమ్ముకొనుటచేతనే ఆ సమితి చెడెనని వారి తీర్పు. ఈ తీర్పును మే మంగీకరింపజాలము. సాక్ష్యమును మరల పరిశీలింపవలసియున్నది.

1935 అక్టోబరు 3వ తేదీని ఇటలీ సేనలు అబిసీనియాలో ప్రవేశించెను. ఇరు రాజ్యములును సమితిలో సభ్యులే. ఒడంబడికను మీరి యుద్ధమునకు దిగినవారితో వర్తకమును తెంచుకొందుమని 16వ నిబంధన క్రింద సభ్యులందరును మాట యిచ్చినవారే. నవంబరులో ఆంక్షలు విధించిన మాట నిజము. కాని ఆ పట్టికలో చమురు లేదు. సభ్యత్వము లేని అమెరికా చమురు నమ్మునుగదా యని సాకు చెప్పిరి. సూయజు కాలువయు మూయబడలేదు; సైనికులతో నిండిన ఓడలు సుంకము చెల్లించి దాటిపోయెను. విషవాయువును వాడబోమని 1925 నాటి జెనీవా ఒప్పందమున చేవ్రాలు చేసిన ఇటలీయే ఆ వాయువును ప్రయోగించెను. 1936 మే 5వ తేదీని ఆడిస్ అబాబా పడిపోయెను. జూన్ 30వ తేదీని హైలీ సెలాసీ చక్రవర్తి స్వయముగా సమితి యెదుట నిలిచి న్యాయము కోరెను. సమితి యిచ్చిన జవాబేమి? జూలైలో ఆంక్షలనే ఎత్తివేసెను!

మాట తప్పినవాడు, ఒప్పందముల చట్టమే పనికిరానిదని వాదించినచో ఏ న్యాయస్థానము వినును? అచట ఓడినది నీతి కాదు. దానికి తోడుపడవలసిన సహకారము కొరవడెను. భారతదేశమునకును ఆ సమితిలో సభ్యత్వ ముండెను గాని, ప్రతినిధులను పంపినవారు భారత ప్రజలు కారు. మనకు కుర్చీ యుండెను, నోరు లేదు.

నీతి లేని సహకారమును ఆ కాలముననే లోకము చూచినది. 1935 డిసెంబరులో బ్రిటిషు విదేశాంగ మంత్రి హోర్, ఫ్రెంచి ప్రధాని లావాల్ రహస్యముగా కూడి అబిసీనియాలో పెద్ద భాగమును ఇటలీకి ధారపోయ నిశ్చయించిరి. ఇట్టి సహకారమునకు కుట్ర యని పేరు. పత్రికలు గుట్టు బయటపెట్టగా బ్రిటిషు ప్రజలు మండిపడిరి. హోర్ పదవి విడువవలసివచ్చెను. ప్రజాగ్రహమున కంత బలము కలదు. కాని మంత్రి పోయినను విధానము మారలేదు, చమురు ఆగలేదు.

నీతియు సహకారమును కూడినచో నేమగునో ఆ గడ్డయే సాక్ష్య మిచ్చుచున్నది. మశూచిని భూమిపైనుండి తుడిచివేయవలెనని 1958లో సోవియట్ యూనియన్ ప్రపంచారోగ్య సభలో ప్రతిపాదించెను. 1967లో తీవ్రతరమైన ఆ ఉద్యమమునకు నాయకుడు అమెరికా వైద్యుడు హెండర్సన్. ఒకరిపై నొకరు అణ్వస్త్రములు గురిపెట్టుకొనిన రాజ్యములే టీకాల పనిలో చేతులు కలిపినవి. 1975లో భారతదేశమునను, 1976లో ఇథియోపియా యనబడు ఆ అబిసీనియాలోను, 1977లో సోమాలియాలోను ఆ మహమ్మారి వ్యాప్తి ఆగెను. 1980లో లోకమునుండియే తొలగెనని ప్రకటింపబడెను. ధనికుని మేడను కాపాడి బీదవాని గుడిసెను విడిచినచో ఈ కార్యము సిద్ధించెడిదా? ఇచట ధర్మమును స్వలాభమును ఒక్క త్రోవనే నడచినవి.

కావున పఠనమందిరములలో కూడు సోదరులను మేము కోరునది యొక్కటే. మన ప్రభుత్వమైనను పరప్రభుత్వమైనను సంధిపత్రముపై చేవ్రాలు చేసినపుడు కరతాళధ్వనులతో తృప్తిపడకుడు. ఆ పట్టికలో చమురు కలదా లేదా యని అడుగుడు.