అంటుకుంటేనే ఆట

పల్లెలో మీటింగు పెట్టి ఆటస్థలం మాట ఎత్తితే నవ్వేవాళ్ళే ఎక్కువ. "భూమి లేదు, కూలి రేటు పెరగలేదు, కేసులు తెమలటం లేదు. ఇప్పుడు పిల్లకాయల ఆటలు కావాల్సొచ్చినయ్యా మేష్టారూ?" అని తెనాలి దగ్గర ఒక పెద్దాయన మొహం మీదే అడిగాడు. ఆయన కడుపుమంట మాకు తెలుసు. అయినా అడుగుతున్నాం, ఆటస్థలమంటే భూమి కాదా? మనకి దక్కని భూముల్లో అదీ ఒకటి. కాకపోతే దాన్ని మనం ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు.

తెనాలి నించి రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా పల్లెలు తిరిగి చూడండి. డెల్టా భూమి, సెంటు కూడా ఖాళీగా వదలరు. మన పసిపిల్లలు ఆడేది కాలవకట్టు మీద, పంటబోదె పక్కన, తారురోడ్డు మీద. కోతలొస్తే రోడ్డు మీద కూడా వడ్లో మొక్కజొన్నలో ఆరబోసి ఉంటయి. రేపల్లె, నిజాంపట్నం వైపు 1990ల నించి రొయ్యల చెరువులు కమ్ముకొచ్చినయి. అక్కడ పిల్లల్ని బయటికి వదలాలంటే తల్లికి గుండె దడ. 2020 డిసెంబరు నించి ఇచ్చిన ఇళ్ళపట్టాలు పల్లెటూళ్ళలో ఒకటిన్నర సెంటు, అంటే డెబ్భై రెండు గజాలు. అందులో ఇల్లు కట్టాక బిడ్డ దొర్లటానికి జాగా ఏది? తల్లి కలుపుకి పోతే ఎనిమిదేళ్ళ అక్క చంటోణ్ణి చంకనేసుకుని తిరుగుద్ది. ఆ పిల్లకీ ఆట లేదు, చంకలో వాడికీ లేదు.

ఆటంటే కాలక్షేపం అనుకుంటాం. మేం బళ్ళో రోజూ చూస్తున్నాం. ఇసక కుప్ప పోసి గూడు కట్టిన వేళ్ళే తర్వాత పలక మీద బలపం పడతయి. తొక్కుడుబిళ్ళ ఆడినప్పుడే గడి లెక్క వచ్చుద్ది, వంతు ఆగటం వచ్చుద్ది, ఓడిపోయి మళ్ళీ ఆటలోకి రావటం వచ్చుద్ది. అవేవీ లేకుండా ఒకటో తరగతికి వచ్చిన పిల్లని మొద్దు అంటారు. మా తోటి పంతుళ్ళే అంటారు, మన కులం పంతుళ్ళు కూడా. మెదడు ఎదుగుదల 85 శాతం పైగా ఆరేళ్ళ లోపే జరుగుద్దని 2020 జాతీయ విద్యావిధానం రాసుకుంది. మరి ఆ ఆరేళ్ళకి ఏం ఇచ్చారు? 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. కానీ ఆ చట్టం మొదలయ్యేదే ఆరేళ్ళ వయసు నించి. 2019లో నాడు-నేడు మొదలుపెట్టినప్పుడు ప్రకటించిన తొమ్మిది అంశాల్లో మరుగుదొడ్లు, ఫ్యాన్లు, బల్లలు, రంగులు, ప్రహరీ గోడ ఉన్నయి, ఆటస్థలం లేదు. 1975 నించి అంగన్‌వాడీలు నడుస్తున్నయి. పల్లెలో చాలాచోట్ల అంటే ఒక గది, ఒక చాప, ఒక గిన్నె.

ఇదంతా ఒక ఎత్తు. మా అసలు బాధ వేరే.

ఒక ఊళ్ళో రెండో అంగన్‌వాడీ పిల్లలు మన పిల్లలతో కలిసిన రోజున ఒక నాలుగేళ్ళ పిల్లాడు చెయ్యి వెనక్కి తీసుకుని "మా నాయనమ్మ అంటుకోవద్దంది" అన్నాడు. కోపంతో కాదు, అన్నం తిన్నా అన్నంత మామూలుగా అన్నాడు. మన బిడ్డ కూడా అంతే మామూలుగా పక్కకి జరిగింది. నాలుగేళ్ళకే ఇద్దరికీ పాఠం వచ్చేసింది. పిల్లల ఆటలన్నీ అంటుకోటం మీదే నడుస్తయి. దొంగాటలో అంటుకుంటేనే దొంగ, చెడుగుడులో అంటుకుంటేనే పాయింటు. అంటరానితనం ఉన్నచోట ఆటే లేదు.

1985 జూలైలో కారంచేడు గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. చెరువు పాడుచెయ్యొద్దన్నందుకు ఆరుగురు మనవాళ్ళని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు. దానికి నెల ముందు మొదలైన గొడవ, సినిమా హాల్లో కాలు తగిలిందని. చెరువు, సినిమా హాలు, రెండూ నలుగురూ కలిసే చోట్లే. అలాంటి చోట్ల కులం అడ్డు పెట్టకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో బాబాసాహెబ్ కాలం నించే ఉంది. కాలు తగిలితే కత్తి తియ్యాలన్న బుద్ధి పాతికేళ్ళప్పుడు ఒక్క రాత్రిలో పుట్టదు.

పెద్దయ్యాక కలిసి ఆడితే సరిపోదా అనేవాళ్ళకి పాల్వంకర్ బాలూ సంగతి చెప్పాలి. చర్మకారుల కులంలో పుట్టినవాడు, పూనాలో గ్రౌండు చదును చేసే పనివాడు, దేశంలోకెల్లా గొప్ప బౌలరయ్యాడు. హిందువుల జట్టు ఆయన్ని తీసుకుంది, ఆయన ముట్టుకున్న బంతినే అందరూ ముట్టుకున్నారు. టీ వేళకి మాత్రం ఆయనకి బయట విడిగా మట్టి ముంత. బంతికి లేని మైల టీకి వచ్చింది.

అందుకని స్థలం ఎక్కడ అనేది ముఖ్యం. పల్లెలోనే విడిగా ఇస్తే చాలంటున్నారు కొందరు మిత్రులు. ఊరి పిల్లల మధ్యకి పంపితే మన బిడ్డలు చిన్నబుచ్చుకుంటారని వాళ్ళ భయం. అది లేని భయం కాదు. మూడేళ్ళ బిడ్డ దూరం నడవలేదు కూడా. అయినా విడిగా ఇస్తే ఇంకో గూడెం కట్టుకున్నట్టే. ఊరికీ పల్లెకీ మధ్యన, రెండు వైపులా పిల్లలు నడిచి రాగలిగిన చోట ఇరవై సెంట్లు అడుగుదాం. ఇసక, నాలుగు వేపచెట్లు, ఒక బోరు. రెండు అంగన్‌వాడీల పిల్లలూ పొద్దున గంటసేపు అక్కడికే రావాలి, మన ఆడవాళ్ళు ఇద్దరు అక్కడ కూర్చోవాలి. మాటా మాటా వచ్చుద్ది, రానివ్వండి.

వచ్చే గ్రామసభకి ముందు వీఆర్వో దగ్గర అడంగల్ తీయించండి. గ్రామకంఠం ఎంత, పోరంబోకు ఎంత, ఎవరి గడ్డివాము కింద ఎంత పోయిందో రాసుకోండి. పోరంబోకు మిగల్లేదంటే 2013 ఉపప్రణాళిక చట్టం పేరెత్తి, ఆ నిధుల్తో కొనమని అర్జీ పెట్టండి. ఎకరాలు అడిగేవాళ్ళం ఇరవై సెంట్లు అడగటం నామోషీ అనుకోవద్దు. కొలవటానికి పోయేటప్పుడు పిల్లల్ని కూడా వెంటబెట్టుకుపోండి, ఎక్కడిదాకా పరిగెత్తగలరో వాళ్ళే చూపిస్తారు.