రెండో తలుపు

సింగరేణి బొగ్గుగనిలో పనిచేసే మా బావ ఒకాయన పోయిన నెల పెండ్లికని షోలాపూర్ వచ్చాడు. మన ఊరి చద్దర్ల గొప్ప చూపిద్దామని దత్తనగర్ వైపు తెలిసినవారి కార్ఖానాకు తీసికొనిపోయాము. సాంచాల చప్పుడులో మాట వినపడదు, చెవిలో నోరు పెట్టి అడిగాడు: "బావా, రెండో తలుపేది?"

మేము వచ్చిన షట్టరు చూపించాము. "అది ఒకటోది గదా!" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాము.

బయటికి వచ్చి టీ తాగుతూ ఆయనే చెప్పాడు. బొగ్గుగనిలోంచి బయటపడడానికి రెండు దారులు ఉండితీరాలట. 1862లో ఇంగ్లండులోని హార్ట్‌లీ గనిలో నీళ్ళు తోడే యంత్రపు దూలం విరిగి, ఉన్న ఒక్క దారినీ మూసివేసింది. 204 మంది లోపలే పోయారు. ఆ సంవత్సరమే అక్కడ రెండు దారుల చట్టం వచ్చింది.

మనకూ దూరపు కథ కాదు. 2025 మే 18 తెల్లవారుజామున అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలోని ఒక టవల్ కార్ఖానాకు నిప్పంటుకొని, లోపల చిక్కుకొన్న ఎనిమిది మంది చనిపోయారు. యజమాని ఇంటివారు, పనివారి ఇంటివారు, ఏడాదిన్నర బిడ్డ. అందరూ అక్కడే కాపురముండేవారు.

ఈ అలవాటు ఎక్కడిదో చదువరులకు తెలియనిదా? గుంట మగ్గం నాడు ఇల్లూ మగ్గమూ ఒక్కటే. మన తాతలు తెలంగాణ నుంచి వస్తూ అదీ తెచ్చుకొన్నారు. కాని ఆ మగ్గానికి మోటారు లేదు, వైరు లేదు. నూలు బేళ్ళు కప్పుదాకా పేర్చి ఉండేవీ కావు. మోటారు పెట్టుకొన్నాము, పడక మాత్రం మార్చలేదు. దొంగల భయమొకటి, అద్దె మిగులుతుందన్న ఆశ ఒకటి.

ఇక చట్టమంటారా, 2025 నవంబరు 21న అమలుకు వచ్చిన కొత్త కోడులో, కరెంటుతో నడిచే చోటు ఫ్యాక్టరీ అనిపించుకొనడానికి పనివారి లెక్క 10 నుంచి 20కి పెరిగింది. మన షెడ్లలో ఎన్నింటిలో 20 మంది ఉన్నారో మీరే చూచుకోండి.

గోడ కొట్టి తలుపు పెట్టాలంటే ఖర్చెవరిది, షెడ్డు సొంతదారుదా, కిరాయిదారుదా అన్న పేచీ ఉండనే ఉంది. మేము చూచిన కార్ఖానాలో మాత్రం, బావ మాట గుచ్చుకొన్నది కాబోలు, మరునాడే వెనుక కిటికీకి అడ్డంగా ఉన్న నూలు బస్తాలు తీయించారు. వాటి వెనుక ఇనుప గ్రిల్ బయటపడింది. దాన్ని కోయడానికి వెల్డరుకు కబురు పెట్టారు. మేము ఇది రాసే నాటికి అతడింకా రాలేదు.