జిమ్ మాస్టరు పని జీవనాధారమగునా?



ఆత్మకూరు నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరము ఈ నెల మా ముందు ఉన్నది. నెల్లూరు జిల్లా ఆత్మకూరు కాదు, నల్లమల అంచున ఉన్న మన నంద్యాల జిల్లా ఆత్మకూరు. ఆమె కుమారుడు డిగ్రీ ముగించి రెండేండ్లయినది. నంద్యాలలో చదువుకొనే రోజులలో జిమ్‌కు పోవుట అలవాటైనదట. ఇప్పుడు హైదరాబాదుకు పోయి, కోర్సు చేసి పర్సనల్ ట్రైనరు అవుతానంటున్నాడు. కోర్సు ఫీజుకు, అక్కడ నాలుగు నెలలు ఉండుటకు డబ్బు కావాలి. ఉన్న రెండెకరాలలో ఒక ఎకరా అమ్మితే తప్ప ఆ డబ్బు రాదు. "కండలు చూపించి ఎన్నాళ్లు బతుకుతావురా?" అని తండ్రి కోప్పడ్డాడు. ఇంటిలో రెండు నెలలుగా తండ్రీ కొడుకులకు మాటలు లేవు. ఆ తల్లి మమ్ములను అడిగినది ఒక్కటే. ఈ పని నలభై ఏండ్లు దాటిన తరువాత కూడా అన్నము పెడుతుందా?

మంచి ప్రశ్న. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కూడా కాదు గనుక ఇక్కడే జవాబు వ్రాస్తున్నాము.

మొదట ఈ పని ఏమిటో పెద్దలకు చెప్పాలి. మన బడులలో డ్రిల్లు సారు ఉండేవారు, నేటికీ ఉన్నారు. ఆయన నూరుమంది పిల్లలను ఒకే వరుసలో నిలబెట్టి నేర్పుతారు. పర్సనల్ ట్రైనరు ఒక్క మనిషికే ఒక గంట కేటాయించి, ఆ మనిషి వయస్సు, బరువు, జబ్బులు కనుక్కొని, ఏ వ్యాయామము ఎంత చేయాలో చెప్పి, దగ్గర నిలబడి చేయిస్తాడు. దానికి నెలకింత అని తీసుకొంటాడు. పూర్వము తాలింఖానాలో వస్తాదు చేసిన పనికి ఇది తమ్ముడు వంటిది. వస్తాదు పహిల్వానులను తయారుచేసేవాడు. ఇతని దగ్గరకు వచ్చేవారు షుగరు ఉన్న బ్యాంకు ఉద్యోగి, కాన్పు తరువాత బరువు పెరిగిన కోడలు, మోకాళ్లు నొప్పులంటున్న రిటైర్డు టీచరు.

అటువంటివారు తగ్గిపోతారా? తగ్గరు. 2023లో ప్రచురింపబడిన ఐ.సి.ఎం.ఆర్. వారి పెద్ద పరిశీలన ప్రకారము మన దేశములో 10 కోట్లకు పైగా జనులకు మధుమేహమున్నది. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయాలని, రెండు రోజులైనా కండరములకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. ఒకప్పుడు మన పల్లెలలో ఈ మాట చెప్పితే నవ్వేవారు. నాగలి పట్టినవానికి, కలుపు తీసిన ఆమెకు వేరే వ్యాయామమెందుకు? ఇప్పుడు దుక్కి ట్రాక్టరుది, కోత మిషనుది, రుబ్బుట మిక్సీది. షుగరు మాత్రలు మాత్రము మనవి. గనుక పనికి గిరాకీ ఉన్నదా అంటే ఉన్నది, ముందు ముందు పెరుగుతుంది కూడా. ఆ తల్లి అడిగినది గిరాకీని గూర్చి కాదు. తన కొడుకు దానిలో నిలబడగలడా అని.

దేహసాధనను గూర్చి పౌలు తిమోతికి వ్రాసిన మాటను ఎత్తి చూపి ఈ పనిని తేలిక చేసేవారు మన సంఘములలో ఉన్నారు. పౌలు అక్కడ ఒకదానితో మరొకదానిని పోల్చినాడే గాని పనికిరాదని కొట్టివేయలేదు. మన దేశములో ఈ విద్యను కాలేజీ చదువుగా నిలబెట్టినవారే క్రైస్తవ సేవకులు. హ్యారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. 1924 పారిస్ ఒలింపిక్సుకు పోయిన భారత జట్టు వెంట మేనేజరుగా వెళ్లినవాడు ఆయనే. క్రిస్మసుకు మన ఊళ్లలో యువకులు వాలీబాలు పోటీలు పెట్టుకొంటారు గదా, ఆ ఆట 1895లో అమెరికాలోని ఒక వై.ఎం.సి.ఎ.లో పుట్టినది. మరి తన శరీరమును, పరుల శరీరమును జాగ్రత్తగా చూచుకొనే పని తక్కువదెట్లగును?

అయితే గౌరవమైన పని అన్నంత మాత్రాన కడుపు నిండదు. లెక్క చూద్దాము. ఒక యువకుడు హైదరాబాదులో పెద్ద జిమ్‌లో చేరినాడనుకొందాము. పది మంది వ్యక్తిగత శిక్షణకు చేరి, ఒక్కొక్కరు నెలకు 6,000 రూపాయలిచ్చినా వసూలయ్యేది 60,000. అందులో సగము జిమ్ యజమానికి పోతే మిగిలేది 30,000. గది అద్దె, గుడ్లు, మాంసము, బస్సు ఖర్చు పోను చేతికెంత? ఆ పది మంది కూడా పన్నెండు నెలలూ రారు. జనవరిలో కిటకిటలాడిన జిమ్ ఉగాది నాటికి పలచబడుతుంది. పెండ్లిండ్ల నెలలలో రారు, పిల్లల పరీక్షల నెలలో రారు. రాని నెలకు జీతము లేదు. 2020 మార్చిలో కరోనా వలన జిమ్‌లన్నీ మూసివేసినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసివచ్చినది. తెరచుటకు కేంద్రము అనుమతించినది ఆగస్టు 5 నుండి. నాలుగు నెలలకు పైగా రూపాయి లేకుండా గడిపి, సామాను సర్దుకొని సొంత ఊళ్లకు వచ్చిన ట్రైనర్లు ఎందరో.

పని వేళలు మరీ చిత్రమైనవి. ఊరంతా నిద్రించే వేళ లేవాలి, ఊరంతా భోజనానికి కూర్చొనే వేళ పని చేయాలి. ఉదయము 5 నుండి 10 దాకా, సాయంత్రము 5 నుండి రాత్రి 9 లేక 10 దాకా. మధ్యాహ్నము ఖాళీ. పెండ్లి కానంత కాలము ఇది కష్టముగా తోచదు. భార్యాపిల్లలు వచ్చిన తరువాత, బిడ్డ బడి నుండి వచ్చే సమయానికి తండ్రి ఇంటి నుండి బయలుదేరుతాడు. పెండ్లి మాట వచ్చినది గనుక చెప్తున్నాము. "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగితే "జిమ్‌లో" అని చెప్పుటకు తల్లిదండ్రులు జంకుచున్నారు, అమ్మాయివారు ముఖము అటు తిప్పుకొంటున్నారు. ఇది న్యాయము కాదు గాని నిజము.

ఇక తండ్రి మాట. కండలు చూపించి ఎన్నాళ్లు? ఆయన కోపములో అన్నా సరిగ్గా అసలు చోట వేలు పెట్టినాడు. వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారి పేరు విననివారు తెలుగునాట తక్కువ. డ్రిల్లు మాస్టరుగా పనిచేసి, తరువాత సర్కసు కంపెనీ పెట్టి, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకొన్నవాడు. అటువంటివానికి కూడా చివరి కాలములో కాలు తీసివేయవలసి వచ్చినది. 1942లో కన్నుమూశారు. భీమునివంటి దేహము కూడా ఒక నాటికి సెలవు అడుగుతుంది.

దానికి ఎదురుగా సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారిని చూడండి. హైదరాబాదులో బడిపంతులు. ఫుట్‌బాలు కోచ్ అయి 1951లో, 1962లో ఆసియా క్రీడలలో మన జట్టుకు బంగారు పతకములు తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన జట్టు నాలుగవ స్థానములో నిలిచినది ఆయన శిక్షణలోనే. 1962 నాటికి ఆయనకు క్యాన్సరు. మరుసటి సంవత్సరము చనిపోయారు. ఆ జబ్బు మనిషి మైదానము ప్రక్కన నిలబడి జట్టును గెలిపించినది కండలతోనా? ఆటను గూర్చి ఆయనకున్న తెలివితో. శ్రీకాకుళము జిల్లా కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్సులో కంచు పతకము తెచ్చుకొన్నప్పుడు, ఆమెకు మొదట బరువులెత్తుట నేర్పిన నీలంశెట్టి అప్పన్నగారిని కూడా జనులు తలచుకొన్నారు. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడే అయినా, తరువాత ఇన్నేండ్లు నిలిచినది శిక్షకునిగానే. ఆయనే 2025లో, డబ్బున్నవారు కాకపోతే పిల్లలను ఆటలనే నమ్ముకొనేలా చేయవద్దని తల్లిదండ్రులకు చెప్పినట్లు పత్రికలలో వచ్చినది. అకాడమీ కొరకు ఇల్లు కుదువపెట్టినవాని మాట అది. ఊరకే అన్నమాట కాదు.

గనుక మా అభిప్రాయము ఇది. దేహము పెట్టుబడి అనుకొన్నవానికి ఇది పదేండ్ల పని. మనిషి శరీరము ఎట్లు పనిచేయునో నేర్చుకొన్నవానికి అరవై ఏండ్ల వరకు పని ఉంటుంది. నెరసిన తల గల ట్రైనరు దగ్గరకు యాభై దాటినవారు ధైర్యముగా వస్తారు. మోకాళ్ల నొప్పి గల ఆమె ఇరవై రెండేండ్ల కండల వీరుని చూచి భయపడుతుంది.

అయితే ఏమి నేర్చుకోవాలి, ఎక్కడ? డాక్టరుకు, నర్సుకు ఉన్నట్టు ట్రైనరుకు మన దేశములో చట్టప్రకారము రిజిస్ట్రేషను లేదు. అందువలన ఎవరు బడితే వారు కోర్సు పేరుతో సర్టిఫికెట్టు అచ్చువేసి ఇస్తున్నారు. అమెరికా సంస్థలైన ఏస్, నాస్మ్ వంటివి ఇచ్చే పత్రములకు పెద్ద జిమ్‌లలో విలువ ఉన్నది గాని, అవి రెండేండ్లకొకసారి మరల రుసుము కట్టి పునరుద్ధరించుకోవలసినవి. డిగ్రీ ఉన్న అబ్బాయికి మేము చూపే మొదటి తలుపు బి.పి.ఎడ్. రెండేండ్ల చదువు, పి.ఇ.సెట్ ద్వారా సీటు. ఆ ప్రవేశపరీక్షలో పరుగు, దూకుట, గుండు విసరుట, ఒక ఆటలో నైపుణ్యము చూస్తారు. ఇంటరు వారికి డి.పి.ఎడ్. ఉన్నది. ఈ చదువు చేతిలో ఉంటే జిమ్ మూతబడినా బడి తలుపు తట్టవచ్చును. 2025లో మన రాష్ట్రములో 16,347 పోస్టులకు డి.ఎస్.సి. జరిగినది, అందులో వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులు కూడా ఉన్నవి. ప్రతి ఏటా డి.ఎస్.సి. రాదు, అది అందరికీ తెలిసినదే. ప్రయివేటు బడులున్నవి. సైన్సు చదివి ఇంటరు ముగించిన పిల్లలైతే ఫిజియోథెరపీని గూర్చి కూడా ఆలోచించాలి. ఎక్కువ ఏండ్లు పట్టినా దానికి ఆసుపత్రిలో స్థానమున్నది.

ఎకరా మాట. అమ్మవద్దు. ఈ విషయములో తండ్రిదే సరైన మాట. నాలుగు నెలల కోర్సుకు అడవి అంచు రైతు ఎకరా అమ్మితే, ఆ ఎకరా తిరిగి కొనుటకు ట్రైనరు జీతము చాలదు. ముందు నంద్యాలలోనో కర్నూలులోనో ఒక జిమ్‌లో ఆరు నెలలు అసిస్టెంటుగా చేరమనండి. తెల్లవారి నాలుగున్నరకు లేచి, ఇతరుల చెమట తుడిచిన బెంచీలు తుడిచి, తక్కువ జీతానికి ఆరు నెలలు నిలబడితే వానికి పని మీద మనస్సున్నదని అర్థము. రెండవ నెలలోనే ఇంటికి వస్తే, మంచిదే, ఎకరా మిగిలినది. అయితే తండ్రి కూడా ఒక మెట్టు దిగాలి. కొడుకు సోమరి కాడు, పని అడుగుచున్నాడు. మాటలు మానుకొనుట ఏ సమస్యకూ మందు కాదు.

ఒక అపాయమును దాచకూడదు. కొన్ని జిమ్‌లలో పౌడరు డబ్బాలు అమ్మితే ట్రైనరుకు కమీషను వస్తుంది. డబ్బాతో మొదలైనది సూదితో ముగిసిన కథలున్నవి. కండలు త్వరగా రావాలని స్టెరాయిడ్లు పొడిపించుకొన్న యువకుల గుండె, కాలేయము దెబ్బతింటున్నవి, సంతానము కలుగుట కూడా కష్టమగుచున్నది. ఆపరేషను బల్లమీద రక్తపోటు పడిపోయినప్పుడు వైద్యులు వాడే మెఫెంటర్‌మిన్ సూదిమందును జిమ్‌లకు పోయే యువకులకు దొంగచాటున అమ్ముచుండగా హైదరాబాదులో అధికారులు పట్టుకొన్నారు. జీతము చాలని ట్రైనరుకు ఈ వ్యాపారము ఎంత ఆశ చూపుతుందో తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాలి. కొడుకును సూటిగా అడగాలి కూడా: నీవు వాడుచున్నావా?

ముసలితనము సంగతి. చిన్న జిమ్‌లలో పి.ఎఫ్. ఉండదు. ఇరవై మంది లోపు పనివారున్న చోట ఆ చట్టము సాధారణముగా వర్తించదు. గనుక మొదటి జీతము నుండే అటల్ పెన్షన్ యోజనలో చేరాలి. 18 నుండి 40 ఏండ్ల లోపు, ఆదాయపు పన్ను కట్టనివారు చేరవచ్చును. ఎంత చిన్న వయస్సులో చేరితే నెలసరి కట్టేది అంత తక్కువ. అరవై నిండిన తరువాత, ఎంచుకొన్న దానిని బట్టి నెలకు 1,000 నుండి 5,000 వరకు వస్తుంది. ఏటా 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా పోస్టాఫీసులోనూ బ్యాంకులోనూ ఉన్నవి. చేతులు కాళ్లే పనిముట్లయిన వానికి ఇవి లేకుండా ఒక్క నెల కూడా గడవకూడదు.

చివరిగా, మాకు తోచిన మరొక సంగతి. ఈ విషయమై కొడుకులను గూర్చే అడుగుచున్నారు గాని కుమార్తెను గూర్చి ఎవరూ అడుగలేదు. తెల్లవారుజామున మన ఊళ్లలో బడి మైదానము చుట్టూ చీర కొంగు బిగించి నడిచే స్త్రీలను చూడండి. షుగరు, బి.పి., నడుము నొప్పి, అన్నీ వారికే. మగ ట్రైనరు ఉన్న జిమ్‌లో వారు అడుగు పెట్టరు. ఆటలలో చురుకైన ఒక అమ్మాయి బి.పి.ఎడ్. చదివి వచ్చి, ఆత్మకూరులోనో ఆళ్లగడ్డలోనో ఒక అద్దె హాలులో ఉదయము ఒక గంట, సాయంత్రము ఒక గంట స్త్రీలకు నేర్పితే, ఆమెకు పోటీ వచ్చేవారు ఇప్పట్లో లేరు. యంత్రములు కూడా అక్కర లేదు. ఒక చాప, రెండు చిన్న డంబెల్సు, గోడకు ఒక గడియారము చాలును.